బేరింగుల బండి

కంపెనీవాడు పంపిన బండిని పంపినట్టే వాడుకోవడం మా పడమటి ప్రకాశంలో పెద్ద నామోషీ. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ రోడ్డు మీదైనా ఓ గంట నిలబడి చూడండి. ట్రాక్టరు నెత్తిన రంగు కుచ్చులు, మడ్‌గార్డుల మీద స్పీకర్లు. లారీ ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ, వెనక ‘మళ్ళీ కలుద్దాం’ అన్న అక్షరాలు. పాలవాడి మోపెడుకు రెండు పక్కలా క్యాన్లు తగిలించే ఇనప కొక్కేలు. ఆటోలో డ్రైవరు పక్కన మరో ఇద్దరు ఒదిగి కూర్చునే చెక్క. చివరికి ఎద్దులబండి కూడా, కొమ్ములకు రంగూ మెడలో మువ్వలపట్టీ లేకుండా తిరునాళ్ళకు కదలదు. బండి కంపెనీదైతే కావచ్చు, దాని కులాసా మాత్రం మనది కావాలి. ఇదీ మావాళ్ళ సిద్ధాంతం.

అంచేత మా మనవడికి వాళ్ళ నాన్న దుబాయి నుంచి పంపిన రేడియో కారు ఆరు నెలలు తిరిగేసరికి, చేసినవాడే ఎదురొచ్చినా పోల్చుకోలేని అవతారం ఎత్తిందంటే, అందులో వాడి దోషమేమీ లేదు. నేల గుణం.

రేడియో కారు అనగానే తిరునాళ్ళలో అమ్మే బొమ్మకారు మీ కళ్ళముందు మెదిలి ఉంటుంది. మా ఆవిడకూ అదే మెదిలింది. “తొమ్మిదో తరగతి పిల్లాడికి బొమ్మకారేమిటండీ, అల్లుడికి మతిగానీ పోయిందా!” అంది. తీరా పెట్టె విప్పితే అందులో కారే లేదు. చెట్టుకు కాయల్లాగా చట్రాలకు అంటుకుని ఉన్న నల్లటి ప్లాస్టిక్ ముక్కలు, ఏ, బీ, సీ అని గుర్తులు వేసిన సంచుల నిండా మరలు, ఒక మోటారు, రంగూ రూపూ లేకుండా గాజులా మెరిసే ఒక డొప్ప, ఒట్టి బొమ్మలతో నిండిన పుస్తకం. “దారిలో పగిలిపోయినట్టుంది. తిరిగి పంపెయ్యండి” అంది మా ఆవిడ.

పగిలిపోలేదు సుమండీ. ఈ జాతి కార్లు అలాగే వస్తాయి. కొన్నవాడే కూర్చి, బిగించి, రంగు వేసుకోవాలి. ప్రతి ముక్కా విడిగా దొరుకుతుంది. విరిగితే మార్చుకోవచ్చు, నచ్చకపోతే ఇంతకన్నా మంచిది వేసుకోవచ్చు. బొమ్మ చెడిపోతే పిల్లాడు ఏడుస్తాడు. ఇది చెడిపోతే స్క్రూడ్రైవరు వెతుక్కుంటాడు. తేడా అంతే. మావాడిది టూరింగు కారు. అనగా రోడ్డు మీద తిరిగే మామూలు కారుకు పదోవంతు నమూనా. జపానుకు చెందిన టమియా కంపెనీవారి టీటీ-02 అనే రకం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 257 మిల్లీమీటర్లు, అంటే జానకు కొంచెం పైన. నడుమ పొడుగ్గా ఒక షాఫ్టు ఉంటుంది. మోటారు బలం దానిగుండా నాలుగు చక్రాలకూ అందుతుంది.

తీగ లేకుండా దూరం నుంచి బండి తోలడం ఇప్పటి విద్యేమీ కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో నీళ్ళ తొట్టిలో చిన్న పడవను రేడియోతో నడిపి చూపించాడు. టమియావారి మొదటి రేడియో కారు 1976లో వచ్చింది. అది పోర్షె 934 నమూనా. రిటైరైన సైన్సు మేష్టార్ని గనక ఇవన్నీ వెతికి చదువుకున్నాను. వాటన్నిటికన్నా నన్ను పట్టుకున్న సంగతి మరొకటుంది. ఆ కంపెనీ 1946లో షిజువోకా అనే ఊళ్ళో కోతమిల్లుగా, కలప వ్యాపారంగా పుట్టింది. తర్వాత చెక్కతో నమూనా బొమ్మలు చేసింది. ప్లాస్టిక్ బొమ్మలు వచ్చి చెక్క బొమ్మలను మూలకు నెడుతుంటే, 1960 ప్రాంతంలో తానే ప్లాస్టిక్కుకు మారింది.

ఈ ముక్క మార్కాపురంలో ఎవరికి చెప్పినా గుండె కలుక్కుమంటుంది. మా నేలలో దొరికే రాతిని పొరలు పొరలుగా చీల్చి, చదును చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక అయ్యేది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పలకల మీద ‘ఓనమాలు’ దిద్దుకున్నారు. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. కొన్ని ఫ్యాక్టరీలు గోడలకూ నేలకూ పరిచే డిజైను పలకలకు మారి, విదేశాలకు పంపుతూ నిలబడ్డాయి. మారలేనివి మూతపడ్డాయి. అలా మూతపడినదాంట్లో మా అల్లుడు మిషను మెకానిక్కు. ఇప్పుడు దుబాయిలో ఒక గ్యారేజీలో నిజం కార్లు బాగుచేస్తున్నాడు. సెలవు రెండేళ్ళకొకసారి, ముప్ఫై రోజులు. మా అమ్మాయీ మనవడూ మా దగ్గరే ఉంటున్నారు.

కారు రాకముందు ఆదివారం ఆదివారం ఫోనులో తండ్రీకొడుకుల సంభాషణ ఎలా ఉండేదో చెబుతాను. “బాగా చదువుతుండావా?” “ఆఁ.” “అన్నం తింటుండావా?” “ఆఁ.” “అమ్మకియ్యి.” అంతే. మూడో ప్రశ్న ఉండేది కాదు. వాడికి ఏడేళ్ళప్పుడు వెళ్ళిన మనిషి. ఇంతెత్తు ఎదిగిన కొడుకుతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు, ఆయనతో ఏం మాట్లాడాలో వీడికీ తెలియదు. కారు వచ్చాక ఆ ఫోను వేడెక్కి చేత్తో పట్టుకోలేనంతసేపు మాటలు సాగాయి. ఏ మరకు ఎంత బిగువు, ఏ గేరుకు ఎంత గ్రీజు, ఏది ముందు, ఏది వెనక. మా అమ్మాయి తన వంతు కోసం వంటింటి గడపమీద కూర్చుని ఎదురుచూసేది. విసుక్కోవడం మాత్రం నేను చూడలేదు.

కూర్చడం పూర్తయిన నాడే మావాడు వేగం పెంచే మోటారు కావాలన్నాడు. వాళ్ళ నాన్న నవ్వి, “మోటారు సంగతి తర్వాత. ముందు బేరింగులు మార్చు” అన్నాడు.

సంగతేమిటంటే, చక్రాల ఇరుసులు తిరిగేచోట ఈ కారులో ప్లాస్టిక్ కంకణాలు వచ్చాయి. కొత్తలో బాగానే ఉంటాయి. కానీ మా ఊరి గాలిలో పలకరాతి దుమ్ము ఉంటుందే, అది ఆకురాయి పొడిలాంటిది. కంకణంలో దూరిందంటే అరగదీసి, సందు చేసి, చక్రం ఊగేదాకా వదలదు. వాటిని తీసి బాల్ బేరింగులు వేయాలి. లోపలి రంధ్రం 5 మిల్లీమీటర్లు, బయటి అంచు 11. చిటికెనవేలి గోరంత ఉంటాయి. వేయకముందు చక్రాన్ని వేలితో తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగేది. వేశాక తిప్పితే, మా ఆవిడ “అన్నానికి రండి” అని పిలిచి, రాలేదేమని మళ్ళీ పిలిచేదాకా తిరుగుతూనే ఉంది. మోటారు అదే, బ్యాటరీ అదే. కారు మాత్రం పాము చూసిన లేగదూడలా ఉరికింది.

ఇది మా తరానికి తెలియని విద్య కాదు. తాటికాయల బండి నుంచి పైతరగతికి వెళితే దొరికేది బేరింగుల బండి. లారీ షెడ్డులో పారేసిన బేరింగులు మూడు అడుక్కొచ్చి, ఒక పలకచెక్కకు ముందొకటీ వెనక రెండూ తగిలించి, పల్లంలో కూర్చుంటే ఊరంతా చెవులు మూసుకునేది. పెద్దబండి కథా అంతే. కట్టెచక్రాల ఇరుసుకు కందెన పూసుకునే రోజులు పోయి, బేరింగులతో రబ్బరు టైర్ల బండ్లు వచ్చినప్పుడు, అవే రెండు ఎద్దులు అంతకుముందుకన్నా ఎక్కువ బరువు లాగాయి. ఎద్దులకు కొత్తగా బలమేమీ రాలేదు. రాపిడి తగ్గింది. “వేగం తెచ్చిపెట్టేది కాదురా, అడ్డం తీసేస్తే వచ్చేది” అని మావాడికి చెప్పాను. “మీ తాత చెప్పింది రాసుకో” అన్నాడు ఫోనులోంచి అల్లుడు. నలభై ఏళ్ళ ఉపాధ్యాయ జీవితంలో నా మాట ఎవరైనా రాసుకోమనడం అదే మొదలు.

రెండో మార్పు డ్యాంపర్లు. పెట్టెలో వచ్చినవాటిలో స్ప్రింగూ, దానిలో జారే ప్లాస్టిక్ కడ్డీ తప్ప మరేమీ లేదు. గతుకు వస్తే స్ప్రింగు నొక్కుకుంటుంది, తిరిగి లేస్తుంది, మళ్ళీ నొక్కుకుంటుంది. కారు కప్పగంతులు వేస్తుంది. నూనె డ్యాంపరులో చిన్న గొట్టం నిండా సిలికాన్ నూనె, అందులో చిల్లులున్న పిస్టను ఉంటాయి. పిస్టను కదిలినప్పుడల్లా నూనె ఆ చిల్లుల్లోంచి దూరి వెళ్ళాలి. నీళ్ళలో గరిటె తిప్పడానికీ ఇడ్లీపిండిలో తిప్పడానికీ తేడా ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. స్ప్రింగు దాచుకున్న ఉడుకును నూనె మెల్లగా కరిగిస్తుంది. చిక్కటి నూనె వేస్తే నెమ్మది, పల్చటిదైతే చురుకు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం మీద మావాడు కారు తోలేది. అక్కడి పగుళ్ళకు ఏ నూనె సరిపోతుందో తేల్చడానికి తండ్రీకొడుకులకు నాలుగు ఆదివారాలు పట్టింది.

స్టీరింగు దగ్గర ‘సర్వో సేవర్’ అని ఒక చిన్న భాగం ఉంటుంది. ముందు చక్రం రాయికి కొట్టుకుంటే ఆ దెబ్బ స్టీరింగు తిప్పే యంత్రానికి తగలకుండా మధ్యలో తాను వంగి కాచుకుంటుంది. మరీ మెత్తగా ఉంటే కారు చెప్పినమాట వినదు, మరీ గట్టిగా ఉంటే దెబ్బ నేరుగా లోపలికి పోతుంది. మా ఇంట్లో ఆ పని ఎనిమిదేళ్ళుగా మా అమ్మాయి చేస్తోంది. మార్కులు తక్కువొచ్చిన కబురు దుబాయికి పోయేటప్పుడూ, దుబాయి కోపం ఇటు వచ్చేటప్పుడూ ఎంత మెత్తగా వంగాలో, ఎక్కడ గట్టిపడాలో ఆమెకు తెలుసు. కారుకు మాత్రం కొంచెం గట్టిది కొని వేశారు.

ఇక గేర్లు. ఇక్కడే నా అవసరం పడింది. మోటారు కొసన ఉన్న చిన్న చక్రానికి 22 పళ్ళు. అది తిప్పే పెద్ద చక్రానికి 70 పళ్ళు. ఆపైన లోపలి గేర్లు మరో 2.6 రెట్లు తగ్గిస్తాయి. 70ని 22తో భాగించి 2.6తో హెచ్చిస్తే 8.27. అనగా మోటారు ఎనిమిది చుట్లు పైచిలుకు తిరిగితే కారు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. మోటారు నిమిషానికి 13,000 చుట్లు తిరుగుతుందనీ, చక్రం చుట్టుకొలత 20 సెంటీమీటర్లనీ అనుకోండి. గంటకు సుమారు 19 కిలోమీటర్లు. చిన్న చక్రాన్ని 25 పళ్ళది చేస్తే నిష్పత్తి 7.28, వేగం 21 పైచిలుకు. “మూడు పళ్ళకు రెండు కిలోమీటర్లేనా!” అన్నాడు మావాడు నిరాశగా.

అదైనా ఊరికే రాదు. బండలాగుడు పందేలలో ఒంగోలు గిత్తలను చూశారు కదా. అడుగు చిన్నదిగా వేస్తూ, మెడ వంచి, ఆ రాతిని కదిలిస్తాయి. అదే బండ కట్టి పరుగెత్తమంటే రొప్పుతాయి. పళ్ళు పెంచితే మోటారు పనీ అంతే. ఎక్కువ కరెంటు పీల్చి వేడెక్కుతుంది. మా మే నెల ఎండలో పది నిమిషాలు తోలాక ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఆఖరికి మావాడే తీర్పు చెప్పాడు: ఎండాకాలం 22, చలికాలం 25. ఇంట్లో దుప్పట్లు మారినప్పుడు కారులో పళ్ళు మారతాయన్నమాట.

కారు ముందర పూర్తిగా ఎదురుదెబ్బ తినే చోట అరిగిపోయిన హవాయి చెప్పును కోసి మెత్తగా అమర్చాడు. దుమ్ము దూరే సందుకు అమ్మమ్మ పాత వాయిలు చీర ముక్క జల్లెడలా కట్టాడు. ఈ రెండూ దుబాయి ఆలోచనలు కావు, ఇక్కడివే. వీటిని చూసి అల్లుడు తన గ్యారేజీలో అందరికీ ఫోటో చూపించాడట.

అన్నిటికన్నా మా ఇంట్లో సందడి చేసింది రంగు. ఆ గాజులాంటి డొప్పకు రంగు పైన వేయరు, లోపల వేస్తారు. అద్దం మీద వెనకనుంచి వేసే దేవుడి పటాల్లాగా. పైన ఎంత గీసుకుపోయినా రంగు చెక్కుచెదరదు. కానీ వరస తలకిందులు. మామూలుగా ముందు నేలరంగు పూసి, పైన అక్షరాలు రాస్తాం. ఇక్కడ ముందు అక్షరాలు రాసి, అవి ఆరాక వాటి వెనక నేలరంగు పూయాలి. పైగా అక్షరాలు తిరగేసి రాయాలి. ముందు ‘శ్రీ లక్ష్మీ చెన్నకేశవ’ అనీ, వెనక ‘మళ్ళీ కలుద్దాం’ అనీ లారీకి ఉన్నట్టే ఉండాలని వాడి పట్టు.

అటకమీద ఉన్న మా అమ్మాయి చిన్ననాటి పలక కిందికి దిగింది. చట్రం మూల ఒకటి ఊడినా రాయి నున్నగానే ఉంది. మనవడు దానిమీద ‘శ్రీ’ తిరగేసి రాయడం, గోడ అద్దంలో చూసుకోవడం, తుడవడం, మళ్ళీ రాయడం. తెలుగు అక్షరానికి ఇన్ని వంపులున్నాయని నాకు ఈ వయసులో తెలిసింది. ‘ళ్ళీ’ తిరగేసరికి పోలికే మారిపోయి, పరాయి లిపిలా చూసేది. “తాతా, అటూ ఇటూ ఎట్టా తిప్పినా మారనిది సున్న ఒక్కటేనే” అన్నాడు వాడు ‘కలుద్దాం’లో చివరి సున్న చుడుతూ. వాళ్ళమ్మ కూడా వచ్చి కూర్చుని ‘క’ తిరగేయడం నేర్చుకుంది. పది రోజుల సాధన తర్వాత డొప్ప లోపల రాశాడు. పైన పొర ఒలిచేసరికి, అక్షరాలు తిన్నగా మమ్మల్ని చూశాయి. ఆ పలకతో తాను చదువుకున్న రోజుల్లో కూడా మా అమ్మాయి అంత శ్రద్ధగా దిద్దలేదు.

ఒక సాయంత్రం వాడు నోటుపుస్తకం తెచ్చి, “గేర్ల లెక్క సరిగ్గా ఉందేమో చూడు తాతా” అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది. పేజీ తిప్పితే కారుకు కొన్న సరుకుల జాబితా. వస్తువు, ధర, ఆ పక్కన ‘రోజులు’ అని మూడో గడి. బేరింగులు: ముప్పావు. డ్యాంపర్లు: రెండు. హవాయి చెప్పు: సున్న. చీర ముక్క: సున్న. అమ్మ పలక: సున్న. అట్టడుగున, ఇంకా కొననిది, బ్రష్‌లెస్ మోటారు, దానికి కావలసిన కంట్రోలరు, బ్యాటరీ, ఛార్జరు కలిపి: పది.

“రోజులేమిట్రా?” అన్నాను.

“నాయన పని చెయ్యాల్సిన రోజులు” అన్నాడు. జీతం ముప్ఫైతో భాగించాడట. ఆ భాగహారం కూడా సరిగ్గానే ఉంది. ఎర్ర సిరాతో దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

బ్రష్‌లెస్ మోటారంటే లోపల కరెంటు అందించే బ్రష్షులు ఉండవు. తీగచుట్లు కదలకుండా బయట ఉంటాయి, నడుమ అయస్కాంతం తిరుగుతుంది. ఏ చుట్టకు ఎప్పుడు కరెంటు ఇవ్వాలో ఎలక్ట్రానిక్ కంట్రోలరు చూసుకుంటుంది. బ్రష్షుల రాపిడి లేదు, అరుగుదల లేదు, వేగం మాత్రం మామూలు మోటారును ఎక్కడో దాటిపోతుంది. ఆర్నెల్ల పరీక్షలో మంచి మార్కులు వస్తే అది కొనిపెడతానని వాళ్ళ నాన్న ముందే మాట ఇచ్చాడు. మార్కులు వచ్చాయి. ఆ ఆదివారం ఫోను రాగానే, “ఏ రంగు మోటారు కావాలో చెప్పు, రేపే కొంటా” అన్నాడు.

“వద్దులే నాయనా. ఈ మోటారు చాలు.”

“అదేందిరా, ఏడాదిగా అడుగుతుండావు గదా?”

“దానికి పది రోజులు అవుద్ది. ఆ పది రోజులు నువ్వు ఈడ ఉండు. జీతం లేకుండా సెలవిస్తారంట గదా. లెక్క సరిపోద్ది.”

ఫోనులో మొహం పోయి, దుబాయి గది కప్పు, అక్కడ తిరిగే ఫ్యాను కనిపించాయి చాలాసేపు. మా అమ్మాయి పొయ్యి మీద ఏదో పెట్టినట్టు గుర్తొచ్చి లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు. నేను నోటుపుస్తకంలో గేర్ల లెక్క మళ్ళీ మొదటినుంచి చూశాను. కాసేపటికి ఫ్యాను పోయి మొహం వచ్చింది. “అడిగి చూస్తాలే” అన్నాడు అల్లుడు. అని, డ్యాంపరు నూనె సంగతి ఎత్తుకున్నాడు.

తిరునాళ్ళకు వచ్చాడు. నలభై రోజులకు. సంచీలో మోటారు లేదు. ఒక పొట్లం నిండా బేరింగులు మాత్రం ఉన్నాయి, ఖాళీగా రావడమెందుకని. చెన్నకేశవస్వామి రథం వీధిలోకి వచ్చినప్పుడు కొడుకు భుజం మీద చెయ్యి వేసి, చక్రాల కింద చెక్కదిమ్మలు పెడుతూ రథాన్ని మలుపు తిప్పే మనుషులను చూపించాడు. “చూడు, స్టీరింగు” అన్నాడు. తెల్లవారి ఇద్దరూ కళ్ళం మీద కారు తోలారు. రిమోటు మొదట ఎవరు పట్టుకోవాలన్న దగ్గర కొంచెం పేచీ వచ్చింది. తండ్రే నెగ్గాడు. మొదటి మలుపులోనే పల్టీ కొట్టించాడు. హవాయి చెప్పు కాపాడింది.

వారం తిరిగేసరికి ఇంట్లో విప్పదగిన వస్తువులన్నీ అయిపోయాయి. అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. “అన్నిటి రాపిడీ తీస్తున్నారు గదా, పాతికేళ్ళుగా గుర్రుమంటున్న నా కుట్టుమిషను ఎవరి కంటికీ ఆనదే!” అంది. తండ్రీకొడుకులు ఆ మధ్యాహ్నమే దాన్ని వరండాలో విప్పి పరిచారు. పలక దుమ్మూ, దారప్పోగులూ, ఎప్పుడో తప్పిపోయిన రెండు గుండీలూ బయటపడ్డాయి. తుడిచి, నూనె వేసి, బిగించి, తొక్కి చూడమన్నారు. పాదం ఆనించగానే చక్రం గిర్రున తిరిగింది.

మనవడు నోటుపుస్తకం తీసి, ‘అమ్మమ్మ మిషను: సున్న’ అని రాసుకున్నాడు. మిగిలిపోయిన రంగుసీసా పట్టుకుని మిషను వెనక్కి కూడా వెళ్ళాడు.

“తేలిగ్గా తిరుగుతోంది, సంతోషం” అంది మా ఆవిడ చీర కుచ్చిళ్ళు అడ్డంపెట్టి. “దీనికి మాత్రం ‘మళ్ళీ కలుద్దాం’ అని రాయబాకండి. ఇది ఎక్కడికీ పోయేది కాదు.”